మందుకూ కంటికీ మధ్య దూరం

(యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో చేసిన ఉపన్యాసానికి లిఖిత రూపం)

మందుల తయారీ శాస్త్రం పాఠంగా చెప్పుకుంటూ జీవితం గడిపినవాణ్ని. మందు కనిపెట్టినవారి స్మారక సభలో, ఆ మందును చేర్చవలసిన చోటికి చేర్చేవారి తరఫున మాట్లాడటానికి వచ్చాను.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారు 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూసేనాటికి యాభై మూడేళ్లవారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని రూపొందించడం, కండరాలకు శక్తినిచ్చే పదార్థాలను వెలికితీయడం, 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లి అక్కడి పరిశోధనను నడిపించడం ఈ సభకు తెలియని విషయాలు కావు. ఆయన కంటి వైద్యులు కారు. అయినా ఆయన నాయకత్వంలో వెలువడిన మందుల్లో మూడు, మూడు వేర్వేరు దారుల్లో కంటిదాకా ప్రయాణించాయి. ఆ మూడు ప్రయాణాలనూ ఒకచోట పెట్టి చూస్తే, ఈనాడు ప్రపంచమంతటా నేత్ర ఔషధ పరిశోధన ఏ ప్రశ్నల చుట్టూ తిరుగుతున్నదో తేటపడుతుంది.

మూడు మందులు, మూడు పాఠాలు

మొదటిది ఆరియోమైసిన్. బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన బంగారు రంగు మందు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో పెద్దబిడ్డ. 1948లో లోకానికి పరిచయమైన కొద్ది కాలానికే దీన్ని కంటి అంటువ్యాధుల మీద, ముఖ్యంగా లక్షలాదిమందిని గుడ్డివాళ్లను చేసిన ట్రకోమా మీద ప్రయోగించారు. మందు పనిచేసింది. ఇబ్బంది మరోచోట వచ్చింది. టెట్రాసైక్లిన్ లేపనాన్ని రోజుకు రెండుసార్లు చొప్పున ఆరు వారాలు కంట్లో పెట్టాలి. నీళ్లకే కరవైన ఊళ్లో, కళ్లు మంటెత్తి గింజుకునే పిల్లవాడికి తల్లి ఎనభై నాలుగుసార్లు లేపనం పెట్టాలన్నమాట. ఎంతమందికి సాధ్యం? తర్వాతి కాలంలో అజిత్రోమైసిన్ వచ్చింది. అది కణాల్లోకి చేరి చాలా రోజులు అక్కడే నిలిచి ఉంటుంది కాబట్టి నోటి ద్వారా ఒక్క మోతాదుతో పని జరిగింది. శస్త్రచికిత్సలు, పరిశుభ్రత, నీటి వసతి కూడా తోడై, ట్రకోమా భారతదేశంలో ప్రజారోగ్య సమస్యగా ముగిసిపోయిందని 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆరియోమైసిన్ నేర్పిన పాఠం: మందు ఎంతకాలం నిలుస్తుంది అన్నది, ఆ మందు ఏమిటి అన్నంత ముఖ్యం.

రెండవది హెట్రజాన్. బోదకాలు కోసం ఏటా ఇంటింటికీ పంచే డి.ఇ.సి. మాత్ర అంటే మన కోస్తా జిల్లాల్లో అందరికీ తెలుస్తుంది. ఆఫ్రికాలో నదుల వెంట ఉండే ఊళ్లలో ఇలాంటిదే మరో పురుగు జబ్బు ఉంది. నల్లఈగ కుట్టడం వల్ల వచ్చి, పురుగు పిల్లలు కంటిలోకి చేరి చూపు తీసేస్తుంది. అక్కడా ఈ మందు వాడారు. పురుగు పిల్లలు చచ్చాయి. కానీ ఒక్కసారిగా, గుంపుగా చచ్చాయి. ఆ చావుకు ఒళ్లు తిరగబడి, కన్ను వాచి, కొందరికి ఉన్న చూపు కూడా దెబ్బతిన్నది. 1987 నుంచి ఉచితంగా అందిన ఐవర్‌మెక్టిన్ నెమ్మదిగా పనిచేసే గుణంతోనే దాని స్థానం తీసుకుంది. ఇక్కడి పాఠం వేగానిది.

మూడవది మెథోట్రెక్సేట్. ఫోలిక్ ఆమ్లం మీద సుబ్బారావు గారి బృందం చేసిన కృషి నుంచి పుట్టిన కేన్సర్ మందు. కంటి లోపలి జెల్లీలోనూ నేత్రపటలంలోనూ పుట్టే ఒక అరుదైన లింఫోమాకు ఇది పనికొస్తుంది. సిర ద్వారా ఇస్తే గ్రాముల లెక్కన ఇవ్వాలి. అంత ఇచ్చినా కంటిలోకి చేరేది స్వల్పం. ఒళ్లంతా భరించవలసిందే. అదే మందును సన్నని సూదితో నేరుగా కంటిలోకి ఇస్తే 400 మైక్రోగ్రాములు చాలు. మందుల దుకాణంలో దొరికే 2.5 మిల్లీగ్రాముల చిన్న మాత్రలో ఆరో వంతు కన్నా తక్కువ. గ్రాములకూ ఆ ఆరో వంతుకూ మధ్య తేడా మందులో లేదు, చోటులో ఉంది.

ఎంతకాలం, ఎంత వేగం, ఏ చోటు. ఈ మూడు ప్రశ్నలకూ జవాబు చెప్పని అణువు ఎంత గొప్పదైనా ఇంకా మందు కాలేదనే నా నమ్మకం. రోగికి అందేది అణువూ దాని ప్రయాణమూ కలిసిన వస్తువు. ఈ నాలుగు దశాబ్దాలుగా శాస్త్రవేత్తలు మందును అతి చిన్న రేణువుల్లో పొదిగి కంటికి పంపాలని చేస్తున్న ప్రయత్నమంతా ఆ రెండో సగానికి సంబంధించినది.

ఒక చుక్క కథ

ప్రయాణం ఎంత కష్టమో తెలియాలంటే ఒక్క చుక్కను వెంబడించి చూడాలి. మన కంటి మీద ఏ క్షణంలోనైనా ఉండే కన్నీరు సుమారు 7 మైక్రోలీటర్లు. మిల్లీలీటరులో వెయ్యోవంతు ఒక మైక్రోలీటరు. సీసా మూతి నుంచి జారే చుక్క 30 నుంచి 50 మైక్రోలీటర్ల దాకా ఉంటుంది. చుక్క పడగానే రెప్ప కొట్టుకుంటుంది. ఎక్కువ భాగం చెంప మీదికి కారిపోతుంది. మిగిలినది కంటి మూలనున్న సన్నని రంధ్రం గుండా ముక్కులోకి, అక్కణ్నుంచి గొంతులోకి దిగుతుంది. కంట్లో చుక్కలు వేసుకున్న కొద్దిసేపటికి గొంతులో తగిలే చేదు, మనం కొన్న మందు దారి తప్పిందని చెప్పే గుర్తు. నీటికాసుల జబ్బుకు వేసే టిమొలాల్ చుక్కలు ఈ దారినే రక్తంలో కలిసి ఉబ్బసం ఉన్నవారికి ఊపిరాడకుండా చేయగలవు. అందుకే చుక్క వేసుకున్నాక కళ్లు మూసి, ముక్కు పక్కన వేలితో నొక్కి పట్టుకోమని డాక్టర్లు చెబుతారు.

నిలిచిన ఆ కాస్త మందుకూ దారి సులువు కాదు. కంటి ముందు పొర అయిన కార్నియా మందం అరమిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. దాని పైపొర నూనె స్వభావం గలది, నడిమి పొర నీటి స్వభావం గలది. పైపొరను దాటగలిగే మందు నడిమి పొరలో తడబడుతుంది. నడిమి పొరకు నచ్చేది పైపొర దగ్గరే ఆగిపోతుంది. ఇవన్నీ దాటి కంటి ముందు గదికి చేరేది సాధారణంగా వందలో ఐదు పాళ్ల లోపే. వెనకనున్న నేత్రపటలానికి చేరేది లెక్కలోకి రానంత. రక్తం వైపు నుంచి వద్దామంటే అక్కడ రక్తానికీ నేత్రపటలానికీ మధ్య మరో గోడ. కన్నీరు, రెప్ప, పొరలు, గోడలు మందుకు అడ్డంకులుగా కనిపిస్తాయి గానీ, అవన్నీ చూపుకు కాపలాలు. వాటిని పగలగొట్టి కాక, ఒప్పించి లోపలికి పోవాలి.

ఈ కష్టం ఎవరి మీద పడుతుందో ఒక దృశ్యం చెబుతాను. కోతల కాలంలో వరి ఆకు గీసుకునో, నూర్పిళ్లలో పొట్టు పడో కంటిగుడ్డు మీద చిన్న గాయమవుతుంది. ఆ గాయంలో బూజు చేరుతుంది. దక్షిణ భారతంలో కార్నియా పుండ్లలో పెద్ద వాటా ఈ శిలీంధ్రాలదే. మానినా తెల్లని మచ్చ మిగులుతుంది. పల్లెల్లో కంట్లో పువ్వు వేసిందంటారు. దీనికి తొలి మందు నటామైసిన్. 1950లలో దక్షిణాఫ్రికాలోని నటాల్ మట్టి నుంచి తీసినది, అందుకే ఆ పేరు. నీళ్లలో కరగదు కాబట్టి 5 శాతం తేలాడే పొడిగా సీసాలో ఉంటుంది. కదపకుండా ఉంచితే అడుగున తెల్లని మడ్డి పేరుకుంటుంది. బాగా కుదిపి, గంటకో రెండు గంటలకో ఒక చుక్క చొప్పున వేయాలి. పగలు సరే, రాత్రి? ఆసుపత్రి వరండాలో చాప మీద పడుకున్న భార్య, సెల్‌ఫోను మోగినప్పుడల్లా లేచి, మసక దీపం కింద భర్త రెప్ప పైకెత్తి చుక్క వేస్తుంది. చుక్క చెంప మీదికి కారితే మళ్లీ వేస్తుంది. వైద్యశాస్త్రం పరిష్కరించలేని ప్రయాణ సమస్యను ఆ మనిషి నిద్రతో పరిష్కరిస్తున్నది.

నిలిపే ప్రయత్నం పాతదే

మందును కంటి దగ్గర నిలపాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం కంటికి మందు పెట్టే పద్ధతులను వేరువేరుగా చెప్పింది. చుక్కగా వేయడం ఆశ్చ్యోతనం, ధారగా పోయడం సేకం, రాయడం అంజనం. అంజనంలోనూ గుళిక, చిక్కని రసం, పొడి అని భేదాలు. అన్నిటికన్నా ఆలోచింపజేసేది తర్పణం. కంటి చుట్టూ మినపపిండి ముద్దతో గట్టు కట్టి, ఆ మడుగులో నెయ్యి పోసి, కొంతసేపు నిలవనిచ్చేవారు. ఆ చికిత్స ఏ జబ్బుకు ఎంత గుణమిచ్చేదన్నది వేరే చర్చ. అయితే మందు కారిపోతుందని, నిలిపితేనే పని చేస్తుందని, దానికి ఒక ఏర్పాటు కావాలని ఆనాడే గుర్తించారు. మన వంటింటి మినపపిండి ఆ ఏర్పాటుకు ముడిసరుకు.

నీటికాసులకు ఆధునిక మందుల చికిత్స 1870లలో ఫైసోస్టిగ్మిన్, పైలోకార్పిన్‌లతో మొదలైంది. 1884లో కార్ల్ కొల్లర్ కొకెయిన్ చుక్కతో కన్ను మొద్దుబారుతుందని చూపాక, మెలకువగా ఉన్న మనిషికి కంటి ఆపరేషన్ చేయగలిగారు. జబ్బును వెతుక్కుంటూ వెళ్లి దాన్నే కొట్టే మందు ఉండాలని పాల్ ఎర్లిక్ ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ఊహించాడు. కంటి దగ్గర మందును నిలిపే సాధనానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. 1974లో రెప్ప కింద పెట్టుకునే పలచని బిళ్ల ఆక్యుసర్ట్ వచ్చింది. వారం రోజులపాటు పైలోకార్పిన్‌ను ఒకే తీరున వదిలేది. శాస్త్రపరంగా అద్భుతం. కానీ కంట్లో నలక పడ్డట్టుండేది, రోగికి తెలియకుండా జారిపోయేది, ఖరీదు ఎక్కువ. బజారులో నిలవలేదు. ఇంజినీరుకు నచ్చినదంతా రోగికి నచ్చదని ఆ బిళ్ల మనకు మొదటిసారి చెప్పింది.

ఆ తర్వాత కంటి లోపలే అమర్చే చిన్న కడ్డీలు వచ్చాయి. 2009లో అమెరికాలో అనుమతి పొందిన డెక్సామెథసోన్ కడ్డీ కరిగిపోయే పదార్థంతో చేసినది. కుట్లు వేసే కరిగే దారంలోని లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాల గొలుసే అది. మందు నెలల తరబడి ఊరుతుంది, చివరికి గొలుసు నీరుగా, బొగ్గుపులుసు వాయువుగా మారి పోతుంది. ఇదే పదార్థాన్ని కడ్డీగా కాక, కంటికి కనిపించని రేణువులుగా చేస్తే ఏమవుతుందన్నది తర్వాతి ప్రశ్న.

చిన్నదైతే చాలదు

మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం నానోమీటరు. మనం మాట్లాడుతున్న రేణువులు పదుల నుంచి వందల నానోమీటర్లు. తల వెంట్రుక మందం ఎనభై వేల నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 1960ల మధ్యలో ఇంగ్లండులో అలెక్ బాంగమ్, కొవ్వు అణువులు నీళ్లలో వాటంతట అవే గుండ్రని తిత్తులుగా మారుతాయని చూపాడు. వాటికే లైపోసోములని పేరు. ఆ దశకం చివర్లో జూరిచ్‌లో పీటర్ స్పైసర్ బృందం పాలిమర్ రేణువుల్లో మందు పొదగడం మొదలుపెట్టింది. 1980ల ఆరంభానికే ఈ రెండు దారులూ కంటి దగ్గరికి వచ్చాయి.

చిన్నది చేస్తే చాలు, దూరిపోతుందనుకోవడం తొలినాటి పొరపాటు. రేణువు పైపూత ఏమిటి, దాని మీద విద్యుదావేశం ఏది అన్నవి పరిమాణమంత ముఖ్యమని తర్వాత తెలిసింది. దీనికి సుబ్బారావు గారి ఊరి నుంచే ఒక ఉదాహరణ చెప్పుకోవచ్చు. ఇవాళ భీమవరం చుట్టుపక్కల పొలాలు రొయ్యల చెరువులు. రొయ్య తలలూ పొట్టూ ఒకనాడు పారేసే చెత్త. ఆ పొట్టులోని కైటిన్ నుంచి కైటోసాన్ తయారవుతుంది. దానికి ధనావేశం, కంటి మీది జిగురుకు రుణావేశం. కాబట్టి కైటోసాన్ రేణువు కంటికి అతుక్కుంటుంది. స్పెయిన్‌లోని శాంటియాగో డి కంపోస్టెలా విశ్వవిద్యాలయంలో మరియా హోసే అలొన్సో బృందం 1990లలో ఈ రేణువులను తయారుచేసి, కంటికి వాటిని వాడే దారి వేసింది. అతుక్కుంటే నిలుస్తుంది, నిలిస్తే పనిచేస్తుంది అన్నది వారి తర్కం.

అయితే జిగురు మాత్రం ఎంతసేపు నిలుస్తుంది? రెప్ప కొట్టిన ప్రతిసారీ పైపొర జిగురు ఊడ్చుకుపోతుంది, దానితోపాటు అతుక్కున్న రేణువూ పోతుంది. ఈ ప్రశ్న నుంచి జాన్స్ హాప్కిన్స్‌లో జస్టిన్ హేన్స్ బృందం ఎదురు దారి పట్టింది. పాలీఇథిలీన్ గ్లైకాల్‌ను ఒత్తుగా పూసిన రేణువు జిగురుకు అంటుకోకుండా దాని వలలోంచి జారి, అడుగున కంటిపొర దగ్గర నిలుస్తుంది. ఆ సూత్రంతో చేసిన లోటెప్రెడ్నాల్ చుక్కలకు 2018లోనూ 2020లోనూ అమెరికాలో అనుమతులు వచ్చాయి. అతుక్కోవడమా, జారిపోవడమా అన్న వాదం ఇంకా ముగియలేదు. రెండు పక్షాలూ చూస్తున్నది మాత్రం ఒకే విషయాన్ని: రేణువుకు ఎదురయ్యే కన్ను ఎలా ఉంటుంది అన్నదాన్ని.

కళ్లు పొడిబారే జబ్బుకు వాడే సైక్లోస్పోరిన్ మరో ఉదాహరణ. నీళ్లంటే పడని ఈ మందును మొదట నూనె చినుకుల రూపంలో ఇచ్చారు. మిస్సౌరీ విశ్వవిద్యాలయం కాన్సాస్ సిటీలో అషిమ్ మిత్ర చేసిన కృషి దాన్ని పదుల నానోమీటర్ల బంతుల్లో దాచింది. ఆ బంతి లోపల నూనె స్వభావం, బయట నీటి స్వభావం. చుక్క నీళ్లలా తేటగా ఉంటుంది. కార్నియాలోని రెండు రకాల పొరలకూ సరిపోయే రెండు ముఖాలు దానికున్నాయి. భారతీయ కంపెనీ సన్ ఫార్మా చేతుల మీదుగా 2018లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది.

2021 మే

ఈ విషయమంతా ప్రయోగశాలకు పరిమితమని అనుకునేవారికి ఒక నెలను గుర్తు చేయాలి. 2021 మే. కోవిడ్ రెండో అల దాటి ఇంటికి చేరినవారిలో, ముఖ్యంగా షుగర్ అదుపు తప్పినవారిలో, ముఖం ఒక పక్క వాచి, రెప్ప వాలి, కన్ను ఎర్రబడి ముందుకు పొడుచుకొచ్చింది. బ్లాక్ ఫంగస్ అన్నారు. ముక్కు లోపల మొదలైన మ్యూకర్ బూజు కంటి గూటిలోకి, అక్కణ్నుంచి మెదడు వైపు పాకుతుంది. ప్రాణం కాపాడటానికి కన్ను తీసేయవలసి వచ్చినవాళ్లున్నారు. హైదరాబాదు కోఠిలోని ప్రభుత్వ ఈ.ఎన్.టి. ఆసుపత్రిని ఈ రోగులకు కేంద్రంగా ప్రకటించారు. ఆ నెలలో తెలుగు కుటుంబాలు తమకు ఎన్నడూ అక్కర్లేని ఒక మాట నేర్చుకున్నాయి: లైపోసోమల్. చీటీ చేత్తో పట్టుకుని దుకాణం తర్వాత దుకాణం తిరుగుతూ, యాంఫోటెరిసిన్ ఉంటే చాలదని, ముందు ఆ మాట ఉండాలని వాళ్లకు తెలిసిపోయింది.

ఎందుకు ఉండాలి? యాంఫోటెరిసిన్ బూజు కణం పొరలోని ఎర్గోస్టెరాల్‌ను పట్టుకుని తూట్లు పొడుస్తుంది. మన మూత్రపిండాల కణాల్లోని కొలెస్టెరాల్ కూడా దానికి దాదాపు అలాగే కనిపిస్తుంది. మామూలు రూపంలో రోజుకు కిలో బరువుకు ఒక మిల్లీగ్రాము చుట్టూనే ఆగాలి, లేకుంటే కిడ్నీలు దెబ్బతింటాయి. అదే అణువును వంద నానోమీటర్ల లోపు కొవ్వు తిత్తి పొరలో ఇమిడిస్తే, అది ఆ పొరను సులువుగా వదలదు. బూజు దగ్గరికి చేరాకే దానికి ఎక్కువగా ఒప్పగిస్తుంది. అప్పుడు కిలోకు ఐదు మిల్లీగ్రాములు, అవసరమైతే పది కూడా ఇవ్వగలరు. సీసాలో అది పసుపు పచ్చని పొడి. శుద్ధజలం పోసి గట్టిగా కుదిపితే మసక పసుపు ద్రవం. దాన్ని డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, ఉప్పు సెలైన్‌లో కలిపితే విరిగిపోతుంది. రాత్రి డ్యూటీ నర్సు చేతిలోని ఆ చిన్న జాగ్రత్త మీద ఒక కన్ను ఆధారపడి ఉంది. అణువు 1950ల నాటిది. ఆ నెలలో కళ్లనూ ప్రాణాలనూ నిలబెట్టిన తేడా దాని వాహనంలో ఉంది. ఆ వాహనం చాలినన్ని లేకపోవడం వల్ల జరిగిన నష్టం కూడా మనం చూసినదే.

కంటి వెనుక

కంటి వెనుక భాగంలో ఇంకా పెద్ద ప్రశ్న ఎదురుచూస్తోంది. కణితులు కొత్త రక్తనాళాలు మొలిపించుకుని పెరుగుతాయని 1971లో జూడా ఫోక్‌మన్ అన్నాడు. ఆ మొలకకు కారణమైన వి.ఇ.జి.ఎఫ్. ప్రొటీన్‌ను 1989లో నెపోలియోన్ ఫెర్రారా బృందం గుర్తించింది. కంటి వెనుకా అలాంటి నాళాలను మొలిపించే ఆ ప్రొటీన్‌ను అడ్డుకునే రానిబిజుమాబ్ 2006లో వచ్చి, వయసుతో నేత్రపటలం మధ్యనున్న మాక్యులా చెడిపోయే జబ్బులో పోతున్న చూపును నిలిపింది. షుగర్ వల్ల దెబ్బతిన్న నేత్రపటలానికీ ఇదే దారి. కానీ మందును సూదితో కంటిలోకి ఇవ్వాలి, నెలకో రెండు నెలలకో మళ్లీ ఇవ్వాలి, ఏళ్ల తరబడి ఇవ్వాలి. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం మన దేశంలో మధుమేహుల సంఖ్యను పది కోట్లకు పైగా అంచనా వేసింది. వారిలో కొద్దిమందికే అవసరమైనా, అన్ని సూదులు, అన్ని బస్సు ప్రయాణాలు, తోడుగా వచ్చే కొడుకులు పోగొట్టుకునే అన్ని రోజుల కూలీ ఎక్కణ్నుంచి వస్తాయి?

అందుకే ఒక్కసారి ఇస్తే నెలలు నిలిచే రేణువుల కోసం వెతుకుతున్నారు. ఇక్కడా కంటి స్వభావం నియమాలు పెడుతుంది. కంటి జెల్లీ నూటికి తొంభై ఎనిమిది పాళ్లకు పైగా నీరే. మిగిలిన కొద్దిపాటి కొలాజెన్, హయలురానిక్ ఆమ్లం కలిసి ఒక వల అల్లుతాయి. ధనావేశం గల రేణువు ఆ వలకు చిక్కుకుపోతుంది. సరైన పూత ఉన్న చిన్న రేణువు దాటుతుంది. ఇంతకన్నా సొగసైన వాహనం ప్రకృతి చేసినదే. 2017 డిసెంబరులో అనుమతి పొందిన లక్స్‌టర్నాలో, పుట్టుకతో వచ్చే ఒక అంధత్వానికి అవసరమైన జన్యువును సుమారు 25 నానోమీటర్ల హానిలేని వైరస్ మోసుకుపోతుంది. బజారులోకి వచ్చినప్పుడు అమెరికాలో దాని ధర రెండు కళ్లకూ కలిపి ఎనిమిదిన్నర లక్షల డాలర్లు. అంటే చేరవలసిన చోటికి చేరిన మందు కూడా రోగికి చేరకపోవచ్చు. ధర కూడా ఒక దూరమే.

మన బాధ్యత

ఆశ గురించి ఇంతసేపు మాట్లాడినవాడు జాగ్రత్త గురించి కూడా చెప్పాలి. కంటి గోడలో అమర్చి మందు నింపుతూ ఉండే ఒక పరికరం 2021లో అనుమతి పొంది, లోపం బయటపడి మరుసటి ఏడాదే వెనక్కి తీసుకోబడింది. సరిచేశాకే తిరిగి వచ్చింది. 2023లో మన దేశంలో తయారై అమెరికాకు వెళ్లిన కృత్రిమ కన్నీటి చుక్కల్లో సూక్ష్మజీవులు చేరడంతో కొందరు చూపు, కొందరు ప్రాణం పోగొట్టుకున్నారు. అవి ఏ నానో రేణువులూ లేని మామూలు చుక్కలు. అక్కడే తడబడితే రేణువుల మాటేమిటి? వేడి చేసి క్రిములను చంపుదామంటే కొవ్వు తిత్తులు చెడిపోతాయి, వడపోద్దామంటే పెద్ద రేణువులు వడపోతలోనే ఆగిపోతాయి. ప్రతి దశలోనూ శుభ్రత పాటించడం తప్ప దగ్గర దారి లేదు.

ఇంకొక మాట మన కళాశాలలకు సంబంధించినది. తెలుగు రాష్ట్రాల్లో ఫార్మసీ కళాశాలలకు కొదవ లేదు. ఎం.ఫార్మసీ సిద్ధాంత వ్యాసాల్లో నానో రేణువులు తయారుచేసినవి బీరువాల నిండా ఉన్నాయి. నేను దిద్దినవాటిలోనూ ఉన్నాయి. రేణువు పరిమాణం ఇంత, ఆవేశం ఇంత, మందు గాజు పాత్రలో ఇన్ని గంటల్లో విడుదలైంది, ముగింపు. ఈ చుక్కను రోజుకు ఎన్నిసార్లు వేయాలి, ఎండలో పెట్టిన సీసా ఎన్నాళ్లు నిలుస్తుంది, ఒక సీసాకు ఎంత ఖర్చవుతుంది అన్న ప్రశ్నలు వాటిలో అరుదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది. రేణువుతో మొదలుపెట్టి జబ్బును వెతుక్కోవడం మనకు అలవాటైంది. రోగితో మొదలుపెడితే రేణువు ఎలా ఉండాలో రోగే చెబుతాడు.

దీనికి నటామైసిన్ చరిత్రే సాక్ష్యం. దానికన్నా కార్నియాలోకి బాగా చొచ్చుకుపోయే వోరికొనజోల్ వచ్చినప్పుడు పాతమందు రోజులు అయిపోయాయని చాలామంది అనుకున్నారు. మదురై అరవింద్ ఆసుపత్రి వైద్యులు ప్రధానపాత్ర వహించిన పరీక్ష ఫలితాలు 2013లో వచ్చాయి. పాతమందే గెలిచింది, అందులోనూ ఫ్యుజేరియం బూజు విషయంలో స్పష్టంగా. లోపలికి పోవడం ఒక్కటే గొప్ప కాదని, సరైన అణువుకు సరైన వాహనం కావాలని అంతకన్నా నిక్కచ్చిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. ఢిల్లీ ఐఐటీలో ఈ నటామైసిన్‌కే ఒక చిన్న పెప్టైడ్‌ను జతచేసి లోపలికి నడిపించే ప్రయత్నం జరిగింది. ఆ దిశలో మరెన్నో జరగాలి. వరి పండించే గోదావరి డెల్టాలో, రొయ్య పొట్టు గుట్టలుగా పడే భీమవరం పరిసరాల్లో, ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థ 1987 నుంచి పల్లె కంటి జబ్బులను చూస్తూ వస్తున్న ఈ నేల మీద జరగకపోతే ఇంకెక్కడ జరుగుతాయి? రోగి, ముడిసరుకు, వైద్యుడు, విద్యార్థి నలుగురూ ఒకేచోట ఉన్న నేల ఇది.

సుబ్బారావు గారి ప్రయోగశాల మనకు అణువులను ఇచ్చింది. వాటికి దారి వేసే పని తర్వాతి తరాలకు మిగిలింది. ఈ సభలోని విద్యార్థులను నేను కోరేది ఒక్కటే. మీ ప్రయోగం మొదలుపెట్టే ముందు ఒక రాత్రి ఏదైనా కంటి ఆసుపత్రి వార్డులో గడపండి. చుక్క వేసే చేతులను చూడండి. కంటి శిలీంధ్రాల మీద నటామైసిన్ చుక్కలకు అమెరికాలో అనుమతి దొరికింది 1978లో. ఇవాళ్టికీ ఆ సీసా కుదిపే వేయాలి, ఇవాళ్టికీ గంటకో చుక్కే.